మేరియన్ బాయిలర్ దగ్గర నా రోజులు

ఆస్ట్రేలియాలో కొన్నేళ్ళు ఉండి వచ్చానంటే మా నిడదవోలు వాళ్ళు ముందు కంగారూని చూశావా అంటారు. తర్వాత మీ అబ్బాయికి జీతమెంత అంటారు. అక్కడి మర్రే నది గురించి, అందులో ఆవిరి మీద తిరిగే మేరియన్ అనే పాత పడవ గురించి ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఎవరూ అడగరని తేలిపోయాక నేనే రాస్తున్నాను.

నేను బాయిలర్ మనిషిని. తణుకు వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో చెరకు పిప్పి మండించి ఆవిరి పుట్టించడం నా ఉద్యోగం. ఫైర్‌మన్‌గా చేరి, బాయిలర్ అటెండెంటు పరీక్ష రెండో క్లాసూ ఆ తర్వాత ఒకటో క్లాసూ ప్యాసై, అక్కడే రిటైరయ్యాను. క్రషింగ్, అంటే చెరకు ఆడటం, మొదలైతే పండగా లేదు పబ్బమూ లేదు, మూడు షిఫ్టులూ పొయ్యి ఆరకూడదు. సంక్రాంతికి ఇంట్లో కూర్చుని గారెలు తిన్న ఏడాది నాకు గుర్తులేదు. అలాంటివాణ్ణి రిటైరయ్యాక మా అబ్బాయి అడిలైడ్ తీసుకెళ్ళి, హీటరు బటను ఎక్కడుందో చూపించి, పొద్దున్నే ఏడింటికి కోడలితో సహా ఆఫీసుకు వెళ్ళిపోయేవాడు. మనవరాలు నర్సరీకి. నేనూ మా ఆవిడా కిటికీలోంచి రోడ్డు చూడటం. రోడ్డు మీద పురుగు కూడా ఉండదు. మధ్యాహ్నం పోస్టు వేసే అమ్మాయి చిన్న బండి మీద వస్తే అదే మాకు సందడి.

ఒక ఆదివారం మా వాడు మన్నమ్ అనే ఊరికి తీసుకెళ్ళాడు. అడిలైడ్‌కి తూర్పున ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. కొండలు దిగగానే ఎండిపోయిన పచ్చిక బీళ్ళు, ఉన్నట్టుండి కింద వెడల్పాటి నది. అవతలి ఒడ్డుకి కార్లను దాటించే పంటు ఉంది. ఇనప తాడు పట్టుకుని తనంతట తనే వెళ్తుంది, డబ్బులు తీసుకోరు, రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఎన్ని గంటలు ఎండలో నిలబడ్డానో నాకు తెలుసు కనక, పని లేకపోయినా రెండుసార్లు అటూ ఇటూ దాటించమన్నాను. మా ఆవిడ పర్సులోంచి పావలా డాలరులాంటిదేదో తీసి నీళ్ళలో వేసి దణ్ణం పెట్టుకుంది. గోదావరి వంతెన మీద రైలెక్కినప్పుడల్లా చేసేదే. ఏ నదైతేనేం, అమ్మే కదా అంది.

ఇవతలి ఒడ్డుకి వచ్చేసరికి రేవులో తెల్లటి రెండంతస్తుల పడవ ఒకటి పొగ వదులుతోంది. పక్కన, నీళ్ళని చరిచి పడవని నడిపే చక్రానికి అర్ధచంద్రాకారంలో ఉన్న గూడు మీద మేరియన్ అని రాసుంది. నాకు పడవ సంగతి తర్వాత తెలిసింది. ముందు తెలిసింది వాసన. కాగిన సిలిండర్ ఆయిల్, తడి ఆవిరి, కట్టె పొగ కలిసిన వాసన. ఫ్యాక్టరీలో పాతకాలం స్టీమ్ ఇంజన్లు తీసేసి టర్బైన్లు పెట్టాక నేనా వాసన మళ్ళీ పీల్చలేదు. మా వాడు పార్కింగ్ వెతుక్కుంటున్నాడు, నేను నడుచుకుంటూ పోయి టికెట్టు కూడా అడక్కుండా ఎక్కేశాను.

మర్రే నది పడవల్లో ఇంజను ఎక్కడో అడుగున దాగి ఉండదు. కింది డెక్కు మీదే, నట్టనడుమ, అందరికీ కనపడేటట్టు ఉంటుంది. ముందు బాయిలరు, దాని వెనక ఇంజను, రెండు వైపులా గూళ్ళలో చక్రాలు. కడ్డీల మీదకి వంగి చూస్తే ఇనుము మీద పోతపోసిన అక్షరాలు కనిపించాయి: మార్షల్, సన్స్, గెయిన్స్‌బరో. నాకు కాళ్ళు ఆడలేదు. మా చిన్నప్పుడు ఊళ్ళో రైసు మిల్లు నడిచింది మార్షల్ ఇంజను మీదే. వడ్ల ఊక మండించేవాళ్ళు. దాని ఈల విని మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఇంగ్లండులోని ఒకే ఊళ్ళో, ఒకే కంపెనీలో పోతపోసిన ఇనుము సగం మా గోదావరి జిల్లాకి వచ్చి వడ్లు దంచింది, సగం ఇక్కడికి వచ్చి నది ఈదింది.

అక్కడ నూనె డబ్బా పట్టుకుని నిలబడ్డ ముసలాయన నన్ను తోసెయ్యలేదు. నేను ఏ భాగం వైపు చూస్తున్నానో గమనిస్తూ ఉన్నాడు. గేజ్ గ్లాసులో నీటిమట్టం చూసి, ప్రెజర్ గేజి చూసి, పొగగొట్టం వైపు చూశాను. మామూలు మనుషులు చక్రం తిరగడం చూస్తారు. బాయిలర్ వాడు ముందు నీళ్ళెంత ఉన్నాయో చూస్తాడు. ఆయనకి అర్థమైపోయింది. ఎక్కడ చేశావు అని అడిగాడు. ఇండియా, షుగర్, ముప్పయ్యేళ్ళు అన్నాను. నా ఇంగ్లీషు అంతే. ఆయనకి అంతకంటే అక్కర్లేకపోయింది.

ఈ పడవ కథ ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. మేరియన్‌ని 1897లో కింద సరస్సు ఒడ్డున మిలాంగ్ అనే ఊళ్ళో కట్టారు. అప్పుడది ఇంజను లేని బార్జి, ఇంకో స్టీమరు వెనక తాడుతో పోవడమే దాని పని. 1900లో ఆవిరి ఇంజను బిగించి చక్రాలు పెట్టారు. మొదట సరుకులు మోసింది, తర్వాత గదులు కట్టి ప్రయాణికుల్ని, విహారయాత్రలవాళ్ళని తిప్పింది. రోడ్లు పడి, లారీలు వచ్చి నది మీద బేరం పడిపోయాక బెర్రీ అనే ఊళ్ళో ఒడ్డుకి కట్టేసి అద్దె గదుల సత్రంగా వాడుకున్నారు. 1963లో పాత కట్టడాల్నీ వస్తువుల్నీ కాపాడే నేషనల్ ట్రస్ట్ వాళ్ళు కొని మన్నమ్ తీసుకొచ్చి డ్రైడాక్‌లో పెట్టి మ్యూజియం చేశారు. అంటే పడవ ఉంది, కానీ నీళ్ళలో తిరగదు. అలా సుమారు మూడు దశాబ్దాలు. ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళే నడుం కట్టి, జీతం బత్తెం లేకుండా పని చేసి, 1994లో మళ్ళీ ఆవిరి మీద నదిలోకి దింపారు. నేను చూసింది ఆ రెండో జన్మలో.

మన్నమ్‌లోనే ఎందుకు అంటే దానికో కథ ఉంది, ఇది చెప్పకుండా ముందుకి పోలేను. మా బాయిలర్ వాళ్ళ కులదైవం కథ ఇది. విలియం రాండెల్ అని ఒక కుర్రాడు. వాళ్ళ కుటుంబానికి కొండల్లో గుమరాకా అనే ఊళ్ళో పిండి మిల్లు ఉండేది. పక్కనున్న విక్టోరియాలో బంగారం పడిందని జనమంతా అటు పరుగెత్తుతుంటే, బంగారం తవ్వేవాడికి కూడా రొట్టె కావాలి కదా, నది మీద పిండి తీసుకెళ్ళి అమ్ముదామనుకున్నాడు. పడవలు కట్టిన అనుభవం లేదు. అన్నదమ్ములు కలిసి కొండల్లో కలప కోయించి, ఎడ్ల బళ్ళ మీద మన్నమ్ దగ్గర నది దాకా తెచ్చి, పడవ కట్టి, తల్లి పేరు మేరీ ఆన్ అని పెట్టారు. అది 1853. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన మరుసటి ఏడు. బాయిలరు కూడా అక్కడివాళ్ళ చేతే చేయించారు. గుండ్రంగా కాకుండా పలకలుగా, పెట్టె ఆకారంలో! చదునైన పలకని ఆవిరి ఒత్తిడి ఊరుకోనిస్తుందా? మంట ఎక్కితే చాలు ఆ బాయిలరు హార్మోనియం తిత్తిలా ఉబ్బి మళ్ళీ లోపలికి పోయేదట. పేలిపోతుందని దాని చుట్టూ గొలుసులు బిగించి, సందుల్లో చెక్క మేకులు కొట్టి నడిపారు. ఈ మాట విన్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మా ఫ్యాక్టరీకి ఏటా వచ్చే బాయిలర్ ఇన్‌స్పెక్టరు గనక ఆ రేవులో ఉండుంటే ఏమయ్యేదో ఊహించుకుంటూ పడుకున్నాను.

అదే ఏడాది కింద గుల్వా రేవు నుంచి కేడెల్ అనే ఓడ కెప్టెను లేడీ అగస్టా అనే పెద్ద స్టీమరు కట్టుకుని, సర్కారు అండతో, గవర్నరునే ఎక్కించుకుని బయల్దేరాడు. దారిలో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఇక పందెమే. స్వాన్ హిల్ దాకా ఒకరినొకరు దాటుకుంటూ పోయారు. చివరికి లేడీ అగస్టా కొన్ని గంటల ముందు చేరింది. గవర్నరున్న పడవ కదా. అయినా రాండెల్ అక్కడ ఆగకుండా ఇంకా పైకి, మోమా దాకా పోయాడు. ఆ గొలుసుల బాయిలరుతోనే. దాన్ని మన్నమ్‌లో దాచి పెట్టారు. నేను పోయి చేత్తో తడిమి చూశాను. ఇవతల బ్లాంచ్‌టౌన్ దగ్గర నది మీద 1922లో కట్టిన మొదటి లాకుకి ఆయన పేరే పెట్టారు.

లాకు అన్నాను కదా, పడవని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల గది. ఆ సంగతి మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మా తాత కాలవ పడవ మనిషి. ఏలూరు కాలవలో ధాన్యం బస్తాలేసుకుని, గాలి ఉంటే తెరచాప, లేకపోతే మెడకి తాడేసుకుని గట్టు మీద నడుస్తూ లాక్కుంటూ బెజవాడ దాకా పోయేవాడు. అక్కణ్ణించి కొందరు బకింగ్‌హామ్ కాలవ పట్టుకుని చెన్నపట్నం దాకా కూడా పోయేవారు. లాకుల దగ్గర పడవలన్నీ వరస కట్టి నిలబడితే, తలుపులు తెరిచేదాకా వంటలూ కబుర్లూ అక్కడే. మేరియన్ ఒకసారి పై ఊళ్ళకి వెళ్ళినప్పుడు నన్ను కూడా తీసుకెళ్ళారు. బ్లాంచ్‌టౌన్ లాకులో పడవ నిలబెట్టి, వెనక తలుపులు మూసి, నీళ్ళు నింపుతూ ఉంటే పడవ మెల్లగా పైకి లేస్తోంది. మిగతా అందరూ ఫొటోలు తీస్తున్నారు. మా తాత ఇది వేల మైళ్ళ అవతల, పెద్ద ఇంజనేదీ లేకుండా, రోజూ చూసేవాడని నేను చెబితే వాళ్ళు నమ్మారో లేదో. కాటన్ పేరు చెప్పాను. ఒక్కరికీ తెలియదు. వాళ్ళ రాండెల్ మనకి తెలుసా ఏంటి.

ఇంతకీ నన్ను పనిలోకి ఎలా తీసుకున్నారంటే, వెంటనే తీసుకోలేదు. అక్కడ నడిపేదంతా స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళే: రిటైరైన రైలు డ్రైవరు, బడి పంతులమ్మ, ద్రాక్ష రైతు, ప్లంబరు. కానీ బాయిలర్ బాధ్యత అనేసరికి ఆ దేశపు లైసెన్సు ఉండాల్సిందే. నా ఒకటో క్లాసు సర్టిఫికెట్టు, ప్లాస్టిక్ కవరులో పెట్టి తీసుకెళ్ళింది, ఆ నూనె డబ్బా ముసలి ఇంజనీరు రెండు చేతులా పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. దాని మీది సింహాల బొమ్మ బాగుందన్నాడు. తర్వాత కట్టెల దగ్గరికి పంపాడు. రూలు రూలే, నేనేం బాధపడలేదు. మా దగ్గర మాత్రం బయటి దేశం కాగితం చూసి బాయిలర్ అప్పగిస్తామా?

కట్టెలంటే రెడ్ గమ్. ఆ నది ఒడ్డునే నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని పెరిగే చెట్టు. ఎర్రటి చేవ, ఎంత బరువంటే పచ్చి దుంగని నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది. మన వాళ్ళు భద్రాచలం వైపు నుంచి వెదురు, కలప తెప్పలు కట్టి గోదావరిలో వదిలితే వరద మీద రాజమండ్రి వచ్చేసేవి. అక్కడ ఆ వేషం కుదరదు. అందుకని బార్జికి అడ్డంగా పొడుగాటి దూలాలు వేసి, వాటికి రెండు వైపులా గొలుసులతో దుంగల్ని నీళ్ళలోకి వేలాడదీసి, ఆ బార్జిని స్టీమరుకి కట్టి తెచ్చేవారు. పైన విక్టోరియాలో ఎచూకా అనే రేవు ఉంది, అక్కడి అడిలైడ్ అనే పడవ బార్మా అడవి నుంచి కోత మిల్లులకి ఇలా దుంగలు లాగుతూ దశాబ్దాలు బతికింది. 1866లో కట్టింది. ఇంకా నడుస్తున్న చెక్క స్టీమర్లలో ప్రపంచంలో అదే పాతదంటారు. దాన్నీ 1960ల్లో నదిలోంచి తీసి పార్కులో బొమ్మలా నిలబెట్టారు, 1980ల్లో మళ్ళీ నీళ్ళలోకి దింపారు. అడిలైడ్ పడవని చూడాలంటే అడిలైడ్ ఊళ్ళో వెతక్కండి, అది ఇంకో రాష్ట్రంలో ఉంది. మా వియ్యంకుడు అలాగే పొరపడ్డాడు.

చెరకు పిప్పికి, రెడ్ గమ్‌కి పొంతనే లేదు. పిప్పి వేసింది వేసినట్టే భగ్గుమంటుంది, వేస్తూనే ఉండాలి. రెడ్ గమ్ అంటుకోవడానికి టైము తీసుకుంటుంది, అంటుకున్నాక నిప్పులు గంటల తరబడి కణకణమంటాయి. ప్రయాణం రేపు పొద్దున్న అంటే ఇవాళే పొయ్యి వెలిగించాలి. చల్లగా ఉన్న ఇనుముకి ఒక్కసారిగా మంట పెడితే ఒక పక్క సాగి ఇంకో పక్క సాగక, ట్యూబులు వదులై కారడం మొదలవుతుంది. చిన్న మంట, నెమ్మది మంట, రాత్రంతా ఎవరో ఒకరు కాపలా. ఆ రాత్రి కాపలా ఎవరికీ ఇష్టం ఉండదు, చలికాలం మరీనూ. నేను అడిగి మరీ తీసుకునేవాణ్ణి. మా అబ్బాయి మొదట్లో గొడవ చేశాడు, ఈ వయసులో రాత్రిళ్ళు నది ఒడ్డున ఎందుకు నాన్నా అని. మా ఆవిడే వాడికి సర్దిచెప్పింది. ఇంట్లో ఉంటే నన్ను కాల్చుకు తింటున్నారు, అక్కడైతే కట్టెలు కాలుస్తారు, పోనీయరా అంది.

అలా కట్టెలు మోస్తూ, ఇత్తడి గొట్టాలు తోముతూ, నూనె గిన్నెలు నింపుతూ కొంతకాలం అయ్యాక, ముసలి ఇంజనీరు ఒక రోజు పార నా చేతికిచ్చి, పొయ్యి తలుపు వైపు గడ్డం ఊపి, తను పక్కన ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. ఆయన కళ్ళ ముందు, ఆయన బాధ్యత మీద. నేను తలుపు తెరిచి, రెండు మొద్దులు వెనక్కి, ఒకటి ఎడమ మూలకి, ఒకటి కుడి మూలకి వేసి టక్కున మూసేశాను. తలుపు తెరిచి ఉంచితే చల్లగాలి నేరుగా ట్యూబుల మీదకి పోతుంది, అది ఏ దేశంలోనైనా ఒకటే. కాసేపటికి పొగగొట్టం మీద పొగ పలచబడి దాదాపు కనపడకుండా పోయింది. నల్లటి పొగ చూసి జనం చప్పట్లు కొడతారు గానీ అది కాలాల్సింది కాలక పైకి పోతున్నదే. ఆయన పైకి చూసి, నా వైపు చూసి, జేబులోంచి బిస్కట్టు తీసిచ్చాడు. ఆ దేశంలో నాకు దొరికిన మొదటి జీతం అది.

బయల్దేరినప్పుడు మీరు చూడాలి. పైనుంచి కెప్టెను కబురు రాగానే ఇంజనీరు వాల్వు తిప్పుతాడు. పిస్టన్ రాడ్ ముందుకి తోసుకొస్తుంది, క్రాంకు లేస్తుంది, పక్క గూళ్ళలో చెక్క పలకలు నీళ్ళని చరచడం మొదలెడతాయి. డీజిల్ లాంచీలో అయితే మాటలు వినపడవు. ఇక్కడ ఇంజను పక్కనే నిలబడి గుసగుసలాడుకోవచ్చు. ఆ పాత స్టీమర్లలో చాలావాటికి రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద ఉంటాయి, కాబట్టి ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి తిప్పి పడవని గిరుక్కున మళ్ళించడం కుదరదు. చుక్కాని, నది వాలు, కెప్టెను తెలివి, ఈ మూడింటి మీదే మలుపులు తిరగాలి. మర్రేకి మలుపులు తప్ప ఇంకేం లేవు. రెండున్నర వేల కిలోమీటర్లు వంకర్లు తిరుగుతూ, వాలు లేకుండా, బద్ధకంగా పోతుంది. గోదావరి వరద భద్రాచలంలో మూడో హెచ్చరిక దాటిందంటే మనకి గంటల లెక్క. అక్కడ పైన వరదొస్తే కింద ఊళ్ళకి చేరడానికి వారాలు పడుతుంది, బళ్ళూ గొర్రెలూ తీరిగ్గా సర్దుకుంటారు.

నీళ్ళు రాకపోవడమే వాళ్ళ అసలు బాధ. లాకులు కట్టకముందు ఎండాకాలం నది ఎండిపోతే స్టీమర్లు బురదలో కూర్చుండిపోయేవి. నెలల తరబడి. డార్లింగ్ అనే ఉపనదిలోకి జేన్ ఎలైజా అనే పడవ వెళ్ళి, బూర్క్ ఊరు చేరేసరికి మూడేళ్ళయిందని అక్కడ చెప్పుకుంటారు. అందుకే అడుగు చదునుగా, లోతు తక్కువగా కట్టేవారు. గట్టిగా మంచు కురిస్తే ఆ తడి మీద కూడా తేలతాయని ఆ పడవలవాళ్ళ గొప్ప. నీటి కింద పడి ఉన్న మొద్దులు ఇంకో గండం, అడుగు చీల్చేస్తాయి. కెప్టెన్లు ఏ మలుపు దగ్గర ఏ మొద్దుందో, ఏ రాయుందో పొడుగాటి గుడ్డ మీద చేత్తో గీసుకుని, చుట్ట చుట్టుకుని, పడవ సాగుతున్నకొద్దీ విప్పుకుంటూ పోయేవారు. అలాంటి చుట్ట ఒకటి మ్యూజియంలో చూశాను. ఒక మనిషి బతుకంతా చూసింది గజాల లెక్కన ఉంది అందులో.

ఆ పడవలు మోసిందేమిటని మా తమ్ముడు అడిగాడు. అన్నీ. ముఖ్యంగా గొర్రెల ఉన్ని. లోపలి బీళ్ళలో లక్షల గొర్రెలు, రోడ్లు లేవు, ఏడాది ఉన్నంతా బేళ్ళు కట్టి నది మీదే దింపేవారు. ఎచూకాకి 1864లో, ఇటు మోర్గన్‌కి 1878లో రైలొచ్చింది. స్టీమరు రైలుకి అందిస్తే రైలు సముద్రపు రేవుకి అందించేది. పైకి వెళ్ళేటప్పుడు పిండి, టీ, ముళ్ళకంచె, పియానోలు. కొన్ని పడవలు తేలే కొట్లు, ఒడ్డున రైతు ఇళ్ళ దగ్గర ఈల వేసి ఆగి గుడ్డలూ గిన్నెలూ అమ్మేవి. 1898లో ఎటోనా అనే పడవ కట్టి లోపల చిన్న చర్చి పెట్టి, పాదిరి గారే ఊరూరా తిరిగేవారు. ఆ తర్వాత రైళ్ళు ఇంకా లోపలికి పోయాయి, ఆ వెనక లారీలు. స్టీమరుని పెంచిన రైలే దాని అన్నం లాక్కుంది. మా కాలవ పడవల్ని లారీలు ఎలా మింగాయో తాత నోట విన్నవాణ్ణి, నాకిందులో కొత్తేమీ లేదు.

కొత్తది ఏమిటంటే వాళ్ళు దాచుకోవడం. ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడతాను. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది, మంచిదే, వెళ్ళి చూడండి. కానీ 1900లో హేవలాక్ వంతెన పడకముందు రాజమండ్రికీ కొవ్వూరుకీ మధ్య జనాన్ని దాటించిన పడవల్లో ఒక్కదాని చక్రం, ఒక్క ఇంజను ఇవాళ తిరుగుతూ చూపించగలమా? పైన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్టా, కాలవా తవ్వి గోదావరి మీద స్టీమర్లు నాగపూరు వైపు దాకా నడపాలని కాటన్ కన్న కల 1871లో ఆపేశారు. ఆ రాళ్ళు ఉన్నాయి. పడవలు లేవు. ఇంకా దగ్గరికొస్తే, మా రైసు మిల్లు మార్షల్ ఇంజను కిలోల లెక్కన పాత ఇనపవాడికి వెళ్ళింది. అది నా కళ్ళతో చూశాను, అప్పుడు నాకూ ఏమీ అనిపించలేదు.

మేరియన్‌ని దాచడమంటే రంగులేసి తాడు కట్టి ముట్టుకోవద్దు అని బోర్డు పెట్టడం కాదు. అలా పెట్టిన మూడు దశాబ్దాల్లోనే అది ఎక్కువ పాడైందని ముసలి ఇంజనీరు నమ్మకం. నీళ్ళలో ఉన్న చెక్క ఉబ్బి సందులు తనే మూసుకుంటుంది, ఎండలో ఉంటే ముడుచుకుని నోళ్ళు తెరుస్తుంది. తిరగని బేరింగు తుప్పు పడుతుంది. అంతకంటే పెద్ద నష్టం, దాన్ని నడపడం తెలిసినవాళ్ళు ఒక్కొక్కళ్ళే పోవడం. పలకల మధ్య నార కూరి తారు పూయడం, బేరింగులో తెల్ల లోహం పోసి గీకి సరిచెయ్యడం, పొయ్యి రంగు చూసి ఆవిరి చెప్పడం, ఇవన్నీ పుస్తకంలో ఉంటాయి గానీ చేతికి రావు. ముందే పోయిన ఒక పాత నది మనిషి దగ్గర తను నేర్చుకున్న సంగతులు ఆయన నాకు చెప్పేవాడు. నేను బాయిలర్ అడుగున చేరిన మడ్డిని బయటికి వదిలే బ్లోడౌన్ ఎంతసేపు తెరవాలో, గేజ్ గ్లాసులో నీళ్ళు అబద్ధం చెబుతున్నాయని ఎలా పట్టాలో మా ఫ్యాక్టరీ పద్ధతి చెప్పేవాణ్ణి. పాతకాలంలో ఆ పడవల బాయిలర్లలోకి నది నీళ్ళే తోడేవారు, అడుగున బురద పేరుకునేది. ఆ బురద కథలు ఆయనవి, చక్కెర పాకం బాయిలర్లోకి చేరితే నురగ ఎలా కక్కుతుందో ఆ కథలు నావి. భాష రాకపోయినా పొద్దు గడిచిపోయేది. ఎక్కడైనా మాట అందకపోతే సుద్దముక్కతో డెక్కు మీద బొమ్మ గీసుకునేవాళ్ళం.

ఆయన ఒకటి చెప్పేవాడు, 2007 తర్వాత ముదిరిన కరువు సంగతి. మొదటి లాకుకి దిగువన నది మట్టం సముద్రమట్టం కన్నా కిందికి పోయింది. గట్లు విరిగి చెట్లతో సహా నీళ్ళలోకి జారాయి. రేవులు గాలిలో వేలాడాయి. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. నేను గోదావరి మనిషిని, నీళ్ళు ఎక్కువై ఏడ్చినవాళ్ళని చూశాను గానీ నీళ్ళు లేక నదే కుంగిపోవడం వినలేదు.

కోవిడ్‌కి ముందే మేం వచ్చేశాం. మా ఆవిడ మోకాళ్ళు, నా చెవులు, చలి, ఇన్ని కారణాలు. 2023 జనవరిలో మా అబ్బాయి ఫోన్లో వీడియోలు పంపాడు: మన్నమ్ వీధిలోకి నీళ్ళు వచ్చేశాయి. 1956 తర్వాత అంత వరద అక్కడ రాలేదు. ఇసుక బస్తాలు, గట్లు, మేం నిలబడ్డ రేవు ఎక్కడో నీళ్ళ అడుగున. పంటు ఆగిపోయింది. నేను వార్త కంటే ముందు కట్టెల షెడ్డు ఏమైందని అడిగాను. మా ఆవిడ నవ్వింది, మనుషుల సంగతి అడగరేం అని. మనుషులు బాగానే ఉంటారు, నెల ముందే చెప్పి వచ్చే వరద అది. తడిసిన రెడ్ గమ్ ఆరడానికి ఏడాది పడుతుంది.

ముసలి ఇంజనీరు ఇప్పటికీ ఫొటోలు పంపుతుంటాడు. ఈ మధ్య పంపినదాంట్లో కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు పొయ్యి ముందు నిలబడి బొటనవేలు చూపిస్తున్నాడు. మొహం నిండా మసి, బాగుంది. కానీ వెనక చూస్తే మొద్దులు నేల మీదే, సందు లేకుండా, కప్పు దాకా ఎత్తుగా పేర్చేశారు. కింద రెండు వాసాలు వేసి, మధ్యలో గాలి ఆడేటట్టు అడ్డం నిలువూ మార్చి పేర్చాలని నేనున్నప్పుడే చెప్పాను, చేసి చూపించాను కూడా. మనవరాలి చేత ఇంగ్లీషులో రాయించి పంపాలి. బొమ్మ నేను గీస్తాను.